మళ్ళీ పాడమన్న కాలేజీ

వందేళ్ల కిందట మదనపల్లెలో ఒక ఐరిష్ జంట, ఒక బెంగాలీ అతిథి, కొంతమంది తెలుగు పిల్లలు కలిశారు. ఒప్పంద పత్రం ఒక్కటీ లేదు.

మదనపల్లె అనగానే ఇవాళ గుర్తొచ్చేది టమాటా. ధర పడిపోయి రోడ్డు మీద పారబోశారనో, ఎన్నడూ లేనంతగా పెరిగిందనో టీవీలో ఆ ఊరి పేరు వింటాం. ఎండాకాలంలో హార్సిలీ కొండలకు పోయేవాళ్లు దారిలో ఆగి కాఫీ తాగుతారు. 1919 ఫిబ్రవరి ఆఖరులో ఈ ఊళ్లో ఆగిన ప్రయాణికుడు మాత్రం రవీంద్రనాథ్ టాగోర్. దక్షిణాదిలో ఉపన్యాసాలిస్తూ తిరుగుతున్న ఆయన నడుమ కొన్ని రోజులు ఇక్కడి దివ్యజ్ఞాన సమాజం వారి కాలేజీలో బస చేశారు. అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ అది. ఇప్పుడు బిసెంట్ థియోసాఫికల్ కాలేజీ అంటున్నాం, స్థానికులకు బీటీ కాలేజీ.

అక్కడ సాయంత్రాలు పిల్లలూ పంతుళ్లూ కలిసి పాటలు పాడుకునే అలవాటుంది. ఒకరోజు అతిథి కూడా ఒకటి పాడతానన్నారు. అంత నిండు విగ్రహానికి అంత పలుచటి గొంతా అని ప్రిన్సిపాల్‌కు ఆశ్చర్యం. మొదటి చరణం వింటే భూగోళం పాఠంలా ఉందట: ప్రాంతాల పేర్లు, కొండల పేర్లు, నదుల పేర్లు. రెండో చరణంలో మతాల పట్టిక. అయితే మొదటి చరణం చివర జయధ్వానం దగ్గర అందరి చెవులూ నిక్కబొడుచుకున్నాయి. రెండో చరణంలో అది మళ్ళీ వచ్చేసరికి గొంతులు సవరించుకున్నారు. మళ్ళీ పాడమన్నారు. ఇంకోసారి అన్నారు. కాసేపటికి అందరూ కలిసి అందుకున్నారు. ఆ ప్రిన్సిపాల్ తర్వాత తన ఆత్మకథలో ఈ ముచ్చటంతా రాసుకున్నారు.

పాట బెంగాలీ. మళ్ళీ పాడమన్నవాళ్లలో ఎక్కువమందికి ఆ భాష రాదు. సంస్కృత పదాలు దండిగా ఉన్నాయి కాబట్టి తెలుగు చెవికి సగం తెలిసినట్టే ఉండి ఉంటుంది. ఐర్లండు నుంచి వచ్చిన ప్రిన్సిపాల్ దంపతులకు ఆ సగమూ లేదు. ఫిబ్రవరి 28న టాగోర్ ఆ పాటను ఇంగ్లీషులోకి మార్చి, స్వదస్తూరీతో రాసి, సంతకం చేసి ఇచ్చారు. 'ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని దానికి పేరు. ప్రిన్సిపాల్ భార్య సంగీతంలో డిగ్రీ చేసినావిడ. ఆవిడ బాణీని పాశ్చాత్య స్వరలిపిలో కాగితం మీద పెట్టారు. కాలేజీ దాన్ని తన ప్రార్థన గీతం చేసుకుంది.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. జనగణమన బాణీ మదనపల్లెలోనే పుట్టిందని ఊళ్లో గర్వంగా చెప్పుకుంటారు. బయట పత్రికల్లో కూడా అలా రాసినవారున్నారు. నిజానికి 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభలోనే ఆ పాట పాడారు. మదనపల్లెలో జరిగింది పుట్టుక కాదు, దాటింపు. ఒక భాషలోని పాట మరో భాషలోకి, ఒక పద్ధతి సంగీతం మరో పద్ధతి రాతలోకి దాటాయి. నన్నడిగితే పుట్టుక కన్నా ఇదే అరుదైన సంగతి. పాట ఎక్కడైనా పుడుతుంది. భాష రాని శ్రోతలు మళ్ళీ పాడమనడం, వాళ్లకోసం కవి తానే కూర్చుని అనువదించడం ఏ ఊళ్లోనైనా జరిగేది కాదు.

వచ్చినవాళ్లు ఎవరు?

ప్రిన్సిపాల్ పేరు జేమ్స్ కజిన్స్. 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. డబ్లిన్‌లో కవిగా, నాటకకర్తగా కొంత పేరు తెచ్చుకున్నారు. ఐర్లండు నాటకరంగం కొత్తగా తలెత్తుతున్న రోజుల్లో కవి యేట్స్ చుట్టూ చేరినవాళ్లలో ఆయనొకరు. యేట్స్‌కు మాత్రం ఈయన రాతలంటే పెద్ద మోజు లేదు. 1904లో జేమ్స్ జాయిస్ అనే కుర్రాడు కొద్ది రోజులు వీళ్లింట్లో తలదాచుకున్నాడు. కజిన్స్ దంపతులు పూర్తి శాకాహారులు. ఆ తిండి జాయిస్‌కు పడలేదు, పోయాడు. తర్వాత ఒక వ్యంగ్య పద్యంలో కజిన్స్‌ను ఎద్దేవా కూడా చేశాడు. డబ్లిన్‌లో నవ్వులపాలైన ఆ శాకాహారం మదనపల్లెలో ఎవరికీ వింతగా తోచి ఉండదు. అంతర్జాతీయ సంబంధాల్లో వంటింటి పాత్ర గురించి ఎవరూ పీహెచ్‌డీ చేసినట్టు లేరు. చేయాల్సిన విషయమే.

1915లో అనీబిసెంట్ పిలుపు మీద మద్రాసు వచ్చి ఆమె పత్రిక 'న్యూ ఇండియా'లో చేరారు కజిన్స్. మరుసటి ఏడు ఈస్టర్ పండుగ మర్నాడు డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. దాన్ని మెచ్చుకుంటూ పత్రికలో రాసినందుకు ఉద్యోగం పోయింది. ఆమే ఆయన్ను ఇంగ్లీషు సాహిత్యం చెప్పమని మదనపల్లె పంపారు. 1918కి ప్రిన్సిపాల్ అయ్యారు. అంటే మన కాలేజీకి ఈ 'విదేశీ ఆచార్యుడు' ఏ పథకం కిందా రాలేదు. ఒకచోట నిలవనీయక పోతే ఇక్కడికి వచ్చి పడ్డాడు. తన దేశమూ బ్రిటిష్ పాలనలో ఉన్నదే కాబట్టి, ఎదురుగా కూర్చున్న కుర్రాళ్ల మంట ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మదనపల్లెలో ఉన్న రోజుల్లోనే, 1917లో, 'న్యూ వేస్ ఇన్ ఇంగ్లిష్ లిటరేచర్' అనే పుస్తకం అచ్చువేశారు. అది పుదుచ్చేరిలో శ్రీ అరవిందుల చేతికి చేరింది. దాని మీద సమీక్షగా మొదలుపెట్టిన రచన పెరిగి పెరిగి 'ద ఫ్యూచర్ పొయెట్రీ' అయింది. చిత్తూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక ఇంగ్లీషు మేష్టారు రాసిన పుస్తకం అది. ఈ రోజుల్లో 'రీసెర్చ్ ఇంపాక్ట్' అని దేన్ని లెక్కిస్తున్నారో గాని, దీన్ని ఏ పాయింట్ల కింద వేస్తారో నాకు తెలియదు.

భార్య మార్గరెట్ కథ ఇంకా ఘాటు. 1908లో డబ్లిన్‌లో మహిళల ఓటు హక్కు సంఘం పెట్టినవాళ్లలో ఒకరు. ఆ పోరాటంలోనే 1910లో లండన్ హాలోవే జైలుకు, 1913లో ఐర్లండులోని తుల్లమోర్ జైలుకు వెళ్లి వచ్చారు. అలాంటి మనిషి మదనపల్లెకు వచ్చి 1916లో ఆడవాళ్ల కోసం పెట్టిన సంఘం పేరు 'అబలా అభివర్ధినీ సమాజం'. రెండు జైళ్లు చూసినావిడకు 'అబల' అన్న మాట ఎలా మింగుడుపడిందో! ఆ మాట అక్కడివాళ్లది. వాళ్ల మాటతోనే మొదలుపెట్టారు, దాని అర్థం మార్చే పని తర్వాత చూసుకున్నారు.

1917 మే నెలలో అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ మొదలైంది. స్థాపకుల్లో మార్గరెట్ ముఖ్యులు. అదే ఏడాది డిసెంబర్ 18న సరోజినీ నాయుడు ముందు నిలవగా భారత మహిళల బృందమొకటి మద్రాసులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి ఆడవాళ్లకూ ఓటు కావాలని అడిగింది. ఆ అభ్యర్థన వెనక నడిచిన కలం మార్గరెట్‌ది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1921లో, మద్రాసు ప్రెసిడెన్సీలో మహిళలకు ఓటు హక్కు వచ్చింది. ఆస్తి ఉన్న కొద్దిమందికే, అయినా వచ్చింది. డబ్లిన్ వీధుల్లో నేర్చుకున్నది మద్రాసులో పనికొచ్చింది. 1932లో ఇక్కడి ఆంక్షల చట్టాలను ధిక్కరించి వెల్లూరు జైలుకూ వెళ్లారు. మూడో దేశం, మూడో జైలు.

ఆ దంపతులు ఇచ్చినవాళ్లు మాత్రమే అయితే ఇది పాత మిషనరీ కథే అయ్యేది. పుచ్చుకున్నవీ ఉన్నాయి. బెంగాల్ చిత్రకారుల బొమ్మలను దక్షిణాదికి చూపించాలని తిరిగారు కజిన్స్. 1918లో 'ద రినైసెన్స్ ఇన్ ఇండియా' రాశారు. 1919లోనే టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయానికి వెళ్లి ఇంగ్లీషు కవిత్వం చెప్పి వచ్చారు. తర్వాతి కాలంలో తిరువనంతపురం శ్రీ చిత్ర ఆర్ట్ గ్యాలరీ నిలబడడంలోనూ ఆయన చేయి ఉంది. మార్గరెట్ 1935లో తూర్పు పడమరల సంగీతాన్ని పక్కపక్కన పెట్టి చూస్తూ ఒక పుస్తకం వేశారు.

అసలు అతిథి సంగతి కూడా చూడాలి. అడయారులో అనీబిసెంట్ వర్గం పెట్టిన జాతీయ విశ్వవిద్యాలయానికి కులపతిగా ఆ పర్యటనలో టాగోర్ ఇచ్చిన ఉపన్యాసం 'ద సెంటర్ ఆఫ్ ఇండియన్ కల్చర్' పేరుతో అచ్చయింది. ఇతరుల నుంచి తీసుకోవాలన్నా ముందు మనదంటూ ఒకటి పోగై ఉండాలన్నది అందులోని వాదన సారం. శాంతినికేతన్‌లో విశ్వభారతికి అంతకు రెండు నెలల ముందే పునాది రాయి పడింది. 1921 డిసెంబర్‌లో అది లాంఛనంగా మొదలైంది. ప్రపంచం వచ్చి కూర్చునే విశ్వవిద్యాలయాన్ని మనసులో కట్టుకుంటూ తిరుగుతున్న మనిషికి, దానికి చిన్న నమూనా లాంటిది ఈ మారుమూల ఊళ్లో ఎదురైందన్నమాట.

ఆ ఊరికి గాలి నలువైపుల నుంచీ వీచేదనుకుంటాను. 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది అక్కడే. ఆయన పెట్టిన రిషివ్యాలీ బడి దగ్గర్లోనే ఉంది. ఊరి పక్కనే ఉన్న ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని నిలబెట్టింది ఫ్రిమొడ్ట్ మోలర్ అనే డెన్మార్క్ డాక్టరు. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైందీ మదనపల్లెలోనే.

గోదావరి ఒడ్డున ఇంకొకరు

ఇదే కాలంలో రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయ ప్రిన్సిపాల్ ఉన్నారు. కజిన్స్ లాగా తిరుగుబాటుదారు కాదు, సర్కారు విద్యాశాఖ ఉద్యోగి. 1909 నుంచి 1919 దాకా అక్కడ పనిచేశారు. తాను స్వయంగా బొమ్మలు వేసేవారు కాబట్టి బొమ్మలు వేసే కుర్రాళ్లు ఆయన కంట్లో పడ్డారు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం ఆ నీడలో పెరిగినవాళ్లు. పందొమ్మిదేళ్ల దామెర్లను 1916లో బొంబాయి జేజే స్కూలుకు పంపింది ఆయన ప్రోద్బలమే. తెలుగు నేల మీద ఆధునిక చిత్రకళ ఒక దారిన పడడానికి ఆ ప్రయాణం కారణం. మశూచి సోకి 1925లో ఇరవై ఏడేళ్లకే పోయాడు దామెర్ల. ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న గ్యాలరీలో ఉన్నాయి, వెళ్లి చూడొచ్చు. కూల్డ్రేకు వినికిడి పోతూ వచ్చి ఇంగ్లండు వెళ్లిపోయారు. 1924లో 'సౌత్ ఇండియన్ అవర్స్' అని తన ఇక్కడి రోజుల మీద పుస్తకం రాశారు.

ఈ కథల్లో తియ్యదనం ఎంతున్నా ఒక పులుపు ఉంది, దాచకూడదు. కుర్చీలో ఉన్నది తెల్లవాడే. ప్రశ్న అడిగేదీ, ప్రతిభ గుర్తించేదీ, పైకి పంపేదీ అతనే. కూల్డ్రే మంచివాడు కాబట్టి దామెర్ల బొంబాయి వెళ్లాడు. ఆ కుర్చీలో మరొకడుంటే? వ్యక్తి మీద ఆధారపడ్డ సంబంధం ఆ వ్యక్తి రైలెక్కితే తెగుతుంది. అందుకే ఆ సంబంధాన్ని ఒక ఆఫీసుకు అప్పజెబుదామన్న ఆలోచన వచ్చింది. ఆలోచన తప్పు కాదు.

ఇప్పటి సంతకాల సభ

2020 జాతీయ విద్యా విధానం విదేశీ విద్యార్థులున్న ప్రతి సంస్థలో వాళ్లకోసం ఒక కార్యాలయం ఉండాలంది. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు ఎన్ని ఒప్పందాలు నడుస్తున్నాయో లెక్క అడుగుతారు. దాంతో ఎంవోయూల (అవగాహన ఒప్పందాల) పంట మొదలైంది.

అలాంటి సభ ఒకదానికి నేనూ వెళ్లాను. వేదిక మీద రెండు చిన్న జెండాలు, శాలువా, మెమెంటో, జ్యోతి ప్రజ్వలన. వచ్చిన విదేశీ ఆచార్యుడికి దీపం ఏ చేత్తో వెలిగించాలో తెలియక అటూ ఇటూ చూశారు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. ఆ రోజంతటిలో రెండు సంస్కృతుల నడుమ నిజంగా ఏదైనా జరిగిందంటే ఆ నవ్వే. సంతకాలయ్యాయి, ఫోటో పడింది. రెండేళ్ల తర్వాత ఏమైందని అడిగితే ఆ ఫైలు చూసే మేడమ్‌కు బదిలీ అయిందన్నారు.

అంకెలు కూడా ఒక పక్కకే ఒరిగి ఉన్నాయి. 2023-24లో ఒక్క అమెరికాలోనే చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. తెలుగువాళ్లు అందులో ఎంతమందో చెప్పడానికి మన అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులు చాలు. దేశదేశాల నుంచి మన దగ్గరికి వచ్చి చదువుతున్నవాళ్లు 2021-22 ఉన్నత విద్య సర్వేలో సుమారు 47 వేలు, అందులోనూ నాలుగో వంతుకు మించి నేపాలీలు. వెళ్లేదారి హైవే, వచ్చేదారి కాలిబాట.

ఆ కాలిబాటన వచ్చినవాళ్లను చూడాలంటే హైదరాబాద్‌లో తార్నాక వైపు వెళ్లండి. 1958లో ఇంగ్లీషు బోధన కేంద్రంగా మొదలై, 1972లో సీఫెల్‌గా, 2007లో ఇఫ్లూగా మారిన సంస్థ అక్కడుంది. 1964లో భారత ప్రభుత్వం మొదలుపెట్టిన ఐటెక్ పథకం కింద ఆసియా, ఆఫ్రికా దేశాల వాళ్లు ఇక్కడికి ఇంగ్లీషు నేర్చుకోవడానికి వస్తారు. ఆ తరగతిలో ఇంగ్లీషు అటు పంతులు మాతృభాషా కాదు, ఇటు పిల్లల మాతృభాషా కాదు. నాకు మదనపల్లె గుర్తొచ్చేది సరిగ్గా అక్కడ. ఎవరిదీ కాని భాష మధ్యన బల్లలా ఉంటే, దానికి అటూ ఇటూ ఇద్దరూ సమానంగా కూర్చుంటారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 1998 నుంచి స్టడీ ఇన్ ఇండియా కార్యక్రమం కింద విదేశీ విద్యార్థులు ఒకటో రెండో సెమిస్టర్లు ఉండి వెళ్తున్నారు.

వాళ్లకు ఏం కావాలి? జెండాలు కాదు. దీర్ఘకాల వీసా మీద వచ్చినవాళ్లు 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయం ఎఫ్‌ఆర్‌ఆర్‌వోలో నమోదు చేయించుకోవాలి. దానికి కాగితాలు సిద్ధం చేసి ఇచ్చే గుమాస్తా కావాలి. అద్దె ఇల్లు చూసుకోవాలంటే మన ఓనర్లు మొదట మొహం చూస్తారు, తర్వాత వంటింటి వాసన అడుగుతారు. ఆఫ్రికా కుర్రాడికి ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఆ కుర్రాణ్నే అడగాలి. చాలాచోట్ల విదేశీ విద్యార్థులకు విడిగా హాస్టల్ కడతారు, సౌకర్యమని. సౌకర్యం నిజమే. కాని వేరే గేటు, వేరే మెస్సు అయ్యాక మనవాడికీ వాడికీ మిగిలేది ఏడాదికోసారి 'ఇంటర్నేషనల్ డే' నాడు ఒకరి డ్రస్సు ఒకరు మెచ్చుకోవడమే. ఒకే మెస్సులో కూర్చుంటే పప్పులో ఇంత కారమేంటని గొడవపడేవాళ్లు. ఆ గొడవ నుంచి ఏదో ఒకటి మొదలయ్యేది.

మనం అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. వచ్చినవాళ్లకు తెలుగు నేర్పుతున్నామా? అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్ నగరంలో వెల్చేరు నారాయణరావు గారు 1970ల నుంచి దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. ఆ మంచు ఊళ్లో ఆ తరగతి ఎంతమందిని మన సాహిత్యం వైపు తిప్పిందో ఆ రంగంలో వాళ్లకు తెలుసు. అదే విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ నైప్ ఏళ్ల తరబడి కోనసీమకు వస్తూ పోతూ, ఇంట్లో వేదాగ్నిని నిలుపుకునే అక్కడి ఆహితాగ్నుల ఇళ్లలో కూర్చుని, 2015లో 'వేదిక్ వాయిసెస్' అనే పుస్తకం ఇచ్చారు. వాళ్లు అడిగారు, మనం చెప్పాం. బాగానే ఉంది. మన కాలేజీ నుంచి ఎవరైనా నేపాల్ కుర్రాణ్నో టాంజానియా అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఊళ్లో పాట ఒకటి పాడు అన్నారా? రెండోసారి పాడమన్నారా?

కజిన్స్ కొన్నేళ్లకు వేరే పనుల మీద మదనపల్లె విడిచి వెళ్లారు. 1930ల్లో తిరిగొచ్చి మళ్ళీ ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నారు. 1937లో హిందూమతం పుచ్చుకుని జయరామ్ అన్న పేరు పెట్టుకున్నారు. దేశానికి జాతీయగీతం ఏది కావాలన్న వాదన రేగింది ఆ ఏడే. టాగోర్ పాటే కావాలని మద్రాసు పత్రికకు ఆయన రాశారు. పద్దెనిమిదేళ్ల కిందట తన కాలేజీలో దాన్ని పదే పదే పాడించుకున్నవాడు కదా.

1950 జనవరి 24న అది జాతీయగీతమైంది. మార్గరెట్ 1954లో పోయారు. జేమ్స్ 1956 ఫిబ్రవరి 20న మదనపల్లెలోనే కన్నుమూశారు. అప్పటికి ఆరేళ్లుగా ఆ ఊరి బడుల్లో పిల్లలు ఆ పాట పాడుతున్నారు, భూగోళం పాఠంలా ఉన్న మొదటి చరణం ఒక్కటే. మతాలన్నిటి పేర్లూ చెప్పి, ఆ సాయంత్రం అందరూ గొంతు సవరించుకునేలా చేసిన రెండో చరణం జాతీయగీతంలో లేదు.